మందు

బుద్ధెరిగిన నాటి నుంచి మందు ముట్టనివాణ్ణి,
ప్రతి శుక్రవారం స్విండన్ సూపర్ మార్కెట్లో
అన్నిటికంటే చవకరకం బీరు
నాలుగు డబ్బాలు కొంటాను.
కౌంటర్లో పిల్ల నవ్వుతుంది, ఈ వారం కూడా పండగేనా అని.
నత్తలకమ్మా, అని చెప్పేంత ఇంగ్లిషు ఉంది గానీ
చెబితే నమ్మించేంత మొహం లేదు నాకు.

ఇక్కడి నత్తలకు గుల్ల కూడా ఉండదు.
పెరుగు డబ్బాలు మూతిదాకా మట్టిలో పాతి
బీరు పోసి వస్తే
తెల్లారేసరికి ఆరో ఏడో
ఏ బాధా లేనట్టు తేలుతుంటాయి.

శశిరేఖ షరతు ఒక్కటే,
ఈ పెరట్లోకి సీసా రాకూడదు.
బీరు డబ్బాలో వస్తుంది కాబట్టి ఊరుకుంది.

సీసాలంటే ఏమిటో ఆమెకు తెలుసు.
పదహారేళ్ళు, సత్తెనపల్లి బస్టాండు ఎదురుగా
పురుగుమందుల కొట్టు మాది.
రాత్రి ఇంటికెళ్తే చొక్కా వాకిట్లోనే విప్పించేది.
అయినా అన్నం కలుపుతుంటే
వేళ్ళ సందుల్లోని వాసన
నాకంటే ముందు భోంచేసేది.

రైతు వచ్చేవాడు.
కండువా ముడి విప్పి, ఒక ఆకు తీసి
గాజు కౌంటరు మీద పెట్టేవాడు,
జ్వరమొచ్చిన పిల్లను డాక్టరు బల్ల మీద పడుకోబెట్టినట్టు.
"ఇదేందో సూసి మందియ్యయ్యా."
నేను ఆకు చూసేవాణ్ణి కాదు.
వెనక అరలో
ఏ కంపెనీ స్కీము నడుస్తోందో అది చూసేవాణ్ణి.
ఆ ఏడు టార్గెట్ దాటితే బ్యాంకాక్.
చూశాను బ్యాంకాక్.
బాగానే ఉంది.

ఇప్పుడు, గిడ్డంగిలో రాత్రి డ్యూటీ దిగొచ్చి
మెరుపుపట్టీల కోటు విప్పకుండానే
చిక్కుడు పాదు ముందు గొంతుక్కూర్చుంటాను.
ఆకు తిప్పితే
అడుగున పేనుబంక, ఆవాలు ఒలకబోసినట్టు.
లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లో
నాలుక ఇంకా మర్చిపోలేదు.
వేళ్ళు మాత్రం కొత్తగా నేర్చుకుంటున్నాయి
నలపడం, నీళ్ళతో కడగడం,
ఆగడం.
ఆగడమే రావట్లేదు.

కంచె అవతల మోరీన్‌కి ఎనభై రెండు.
"అన్నీ కడిగేయకు, కొన్ని ఉంచు,
వచ్చేవాళ్ళకు తిండి ఉండొద్దూ" అంది.
ఎవరొస్తారని అడిగేలోపు
చెవి మిషను తీసి జేబులో వేసుకుని
టీలో బిస్కెట్టు ముంచుకుంటోంది.

పదకొండో రోజున వచ్చాయి
అక్షింతల పురుగులు.
పిలవని పెళ్ళికొచ్చి ముందు పంక్తిలోనే కూచున్నట్టు
ఆకు తర్వాత ఆకు
తలెత్తకుండా తిన్నాయి.
నేను అమ్మిన సీసాల్లో
వీటిని వదిలిపెట్టినవి ఎన్నో గుర్తు చేసుకోబోయి
మానుకున్నాను.

క్యాబేజీ దగ్గర మాత్రం ఓడిపోయాం.
తెల్ల సీతాకోకలు వాలినప్పుడు
ముచ్చటేసి ఫొటో తీశాను, బుద్ధి లేక.
ఎనిమిదిట్లో మిగిలింది ఒక్కటి. అదీ జల్లెడ.
ఆదివారం దాన్ని కోసి
వంటింటి బల్ల మీద పెట్టాను.
శశిరేఖ అటు తిరిగి పోపు వేస్తోంది.
ఒక ఆకు విడదీసి కిటికీకేసి పట్టాను.
చిల్లుకో వెలుతురు ముక్క
అరచేతిలో పడింది.

చినవీరయ్య తెచ్చిన ఆకు ఇలాగే ఉండేదా?
చెప్పలేను.
బిల్లు గుర్తుంది, నాలుగు వందల ఎనభై,
అప్పు.

"ఏం చూస్తున్నావ్, కడుగు" అంది.
ఉప్పునీళ్ళలో వేస్తే
ఒక పచ్చటి గొంగళి పైకి తేలింది.
కదులుతోంది ఇంకా.
దోసిట్లో పట్టుకుని
మోచేత్తో తలుపు తీశాను.
బయట వాన. కాళ్ళకు చెప్పులు లేవు.
దీన్ని ఎక్కడ వదలాలో తోచక
చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను.
వెనక పోపు మాడుతున్న వాసన.